నల్లసంచి యాది

గార్డు సార్ ఇంట్ల ఎర్రలైటు రైల్వేది. గార్డులు రాత్రిపూట చేతుల పట్టుకొని ఊపే లాంతరు, ఎర్రద్దం పచ్చద్దం తిప్పుకునేటిది. పాతసామాన్ల కొట్ల కనవడితే కొనుక్కొచ్చి, లోపలి వత్తి పీకేసి జీరో బల్బు పెట్టిచ్చిండు. కాజీపేటల ఆయనది చిన్న పెంకుటిల్లు. వెనక సామాన్ల అర్రనే డార్క్‌రూమ్. బియ్యం డ్రమ్ము మీద చెక్క పలక, దాని మీద నెగెటివ్ బొమ్మను కాగితం మీదికి పెద్దగ వేసే ఎన్‌లార్జరు, నేల మీద మూడు ట్రేలు, కిటికీకి నల్లగొంగడి. ఫోటో ప్రింటేసే బ్రోమైడ్ కాగితానికి ఎర్ర వెలుగు సోకదు. అందుకని ఆ లాంతరు ముంగట కూసొని, డెవలపర్ మందుల బొమ్మ తేలుతుంటె చూసేటోళ్లం. ముందు నల్లగున్న జాగలు వస్తయి, మొకాలు ఆఖరుకు వస్తయి. నేను తొందరపడి కాగితం తియ్యబోతె ఆయన చెయ్యి అడ్డం పెట్టేటోడు.

"ఎర్రలైటు కనవడ్తలేదా? బండి ఆగాలె. ఆగు బిడ్డ."

ఇది 1989 సంగతి. నాకు 16 ఏండ్లు, ఇంటర్ ఫస్టియర్. గార్డు సార్‌కు 61. అప్పట్ల రైల్వేల 58కే రిటైర్‌మెంట్. నాయిన ఇంట్ల ఖాళీగ కూసొని రంధి పెట్టుకుంటడని దుబాయిల ఉన్న పెద్దకొడుకు సెలవుల మీద వచ్చినప్పుడు యాషికా ఎఫ్ఎక్స్-3 కెమెరా తెచ్చిచ్చిండు. అంటె ఆయన కెమెరా పట్టింది కూడ నాకంటె రెండు మూడేండ్ల ముందే. వయసుల తాతయినా, పనిల మేమిద్దరం ఒకే తరగతి పిల్లలం.

నేను ఆయనకు దొరికింది హన్మకొండ చౌరస్తా దగ్గరి స్టూడియోల. మా మేనమామ వాడి పడేసిన ఆగ్ఫా క్లిక్ త్రీ నా చేతుల ఉండె. రోలుకు 12 ఫోటోలు. నాలుగు నెలలు పైసలు కూడబెట్టి ఒక రోలు కడిగిచ్చుకున్న. గార్డు సార్ ఫోటోలు కడిగే మందులు కొననీకి వచ్చి, బల్ల మీద నా ప్రింట్లు చూసిండు. ఒక గొర్రెపిల్ల ఫోటో చేతుల పట్టుకున్నడు.

"గింత దగ్గరికి పోతె ఈ కెమెరాకు పట్టదు పిలగా. మసకొచ్చింది. కాని గొర్రె నీ కండ్లల్లకే చూస్తున్నది. ఎంతసేపు కూసున్నవ్?"

"గంట సార్."

"ఐతారం పొద్దుగాల ఐదింటికి వరంగల్ ఖిలా దగ్గరికి రా."

నా ఫోటోల గురించి అప్పటిదాక ఇంట్ల అడిగిన మాట ఒక్కటే, ఎంతయింది అని. ఎంతసేపు కూసున్నవ్ అని అడిగిన మొదటి మనిషి ఆయన.

పోయేసరికి ఇంకా ఇద్దరున్నరు. సర్కారు బళ్లె లెక్కలు చెప్పే సార్, 42 ఏండ్లు. బ్యాంకుల క్లర్కుగ చేసే అన్న, 28. నలుగురి వయసులు కూడితె 147 అని లెక్కల సార్ ఆ పొద్దే చెప్పిండు. రెండు స్కూటర్ల మీద నలుగురం. ఖిలాల నాలుగు దిక్కుల నాలుగు కీర్తితోరణాలు, నడుమ పడిపోయిన గుడి రాళ్లు, కొంచెం అవతల ఖుష్ మహల్. చలికాలం పొద్దున ఆ తోరణాల సందుల నుంచి ఎండ వాలుగ పడ్తుంటె రాతి మీది ప్రతి గీత లేచొస్తది. ఎనిమిది దాటితె పోతది.

ఫిలిం సంగతి చెప్పాలె. రోలు, కడుగుడు, ప్రింట్లు కలిపితె మా ఇంట్ల నెల పాలఖర్చంత అయ్యేది. అందుకని తూర్పు జర్మనీ ఓర్వో ఫిలిం, లేకపోతె ఊటీల హిందుస్తాన్ ఫోటో ఫిలిమ్స్ వాళ్ల ఇందు ఫిలిం, 100 అడుగుల డబ్బ తెచ్చి మేమే రోళ్లు చుట్టుకునేటోళ్లం. డబ్బకు 36 ఫోటోల రోళ్లు 18 దాక వస్తయి. కటిక చీకట్ల చుట్టాలె. గార్డు సార్ గోడకు రెండు మొలలు కొట్టిండు. ఆ మొల నుంచి ఈ మొల దాక గుంజితె 36 ఫోటోల కొలత. బ్యాంకన్న ఎక్కువ పైసలు పెట్టేటోడు, సార్లిద్దరు తలా ఇంత. నా దగ్గర పైసలు లేకుండె. నా వాటా పని. నీళ్లు మోసుడు, ట్రేలు కడుగుడు, ఎండకాలం ఐసు తెచ్చుడు. డెవలపర్ 20 డిగ్రీల దగ్గర ఉండాలె, మే నెలల మా నల్లా నీళ్లు చేతికి కాలేవి. ఐసుముక్కలు పాలిథిన్ కవర్ల కట్టి మందుల ముంచి, థర్మామీటరు పట్టుకొని కూసునేటోన్ని. ఒకసారి ఎంత చేసినా 28 కిందికి దిగలే. లెక్కల సార్ ఎంత వేడికి ఎన్ని నిమిషాలో రాసున్న పట్టిక చూసి నిమిషాలు తగ్గించి కడుగుదామన్నడు. గార్డు సార్ ఒప్పుకోలే. తీసిన రోళ్లు డబ్బల పెట్టి, కార్తీకం దాక ఆగిండు. ఆర్నెల్లు! నాకు ఆ ఆర్నెల్లు నిద్రపట్టలే. ఆయన మాత్రం ఆ డబ్బల దిక్కు ఒక్కసారి కూడ చూసిన యాది లేదు.

వయసు తేడా ఎక్కడ కనవడ్తదంటె, ఓపికల, నడుముల కంటె ముందు, దేని మీదికి కెమెరా తిప్పుతమో దాంట్ల కనవడ్తది. 16 ఏండ్ల నాకు ముసలోళ్ల మొకాలే కావాలె. రుమాలు, ముడతలు, బీడీ పొగ. బ్యాంకన్నకు భద్రకాళి చెరువు మీద పొద్దుమూకుడు, అది కాకపోతె కాబోయే భార్యకు చూపెట్టేతందుకు పూలు. లెక్కల సార్‌కు శాసనాలు, స్తంభాల మీది చెక్కుడు, అక్షరం అక్షరం చదవొచ్చేటట్టు రావాలె. గార్డు సార్ పిల్లగాండ్లనే తీసేటోడు. గోలీలాడేటోళ్లు, బడికి ఉరికేటోళ్లు, తోరణం రాతి మీద బోర్లపడుకొని హోంవర్కు చేసే పిల్ల. ఒకనాడు నేను మేకల కాడ ఒక తాతను ఐదారు ఫోటోలు తీస్తె గార్డు సార్ నన్ను పక్కకు పిలిచిండు.

"ఎందుకు తీసినవ్ ఆయనను?"

"ముడతలు మంచిగున్నయ్ సార్."

"నాకు కూడ ఉన్నయ్. నన్ను తియ్యవెందుకు?"

నాకు జవాబు రాలే. "నేను నీకు తెలుసు. తెలిసినోడి ముడతలు తియ్యబుద్ది కాదు. ఆయన పేరడిగి రా పో, అటెన్క తియ్యి" అన్నడు. పోయి అడిగిన. ఆయన పేరు చెప్పి, ఏ ఊరో చెప్పి, మేకల పేర్లు కూడ చెప్పిండు. ఆ తర్వాత తీసిన ఒక్క ఫోటోనే నా దగ్గర మిగిలింది.

ఆయన వయసు మాకు చాన తావుల దారి ఇడిసింది. ఆ రోజులల్ల మా దిక్కు ఊర్లల్ల తెలువని పడుచుపోరలు కెమెరాలు పట్టుకొని తిరిగితె అడిగేటోళ్లు ఎక్కువ. ఎవరు మీరు, ఎందుకు తీస్తున్నరు, ఎవరికిస్తరు? పాకాలకు పోయేతప్పుడు బస్సు దిగంగనే గార్డు సార్‌ను ముంగట నడిపిచ్చేటోళ్లం. తెల్లజుట్టు, చేతుల గొడుగు, పాన్ నమిలే నోరు. ఆయన "రామ్ రామ్" అంటె చాలు, అరుగు మీద చాప పడేది. బతుకమ్మ నాడు ఇంకా. సద్దుల బతుకమ్మ రోజు పద్మాక్షి గుట్ట కింద వేలమంది ఆడోళ్లు ఆడుతుంటె, మీసాలు రాని నేను గాని, పెండ్లికాని బ్యాంకన్న గాని కెమెరా ఎత్తితె బాగుండదు, ఎత్తలే కూడ. ఆయన గట్టు మీద కూసునేటోడు. "తాతా, మమ్ముల దియ్యవా" అని వాళ్లే వచ్చేటోళ్లు. మా నలుగురిల ఒక్క ఆడపిల్ల కూడ లేకపోవుడు అప్పుడు మాకు లోటనిపించలే. ఇప్పుడు ఆ ప్రింట్లు చూస్తుంటె అనిపిస్తది. పాట మధ్యల నిలబడి తీసిన ఫోటో మా దగ్గర ఒక్కటి లేదు, అన్నీ గట్టు మీదికెళ్లి తీసినవే.

ఈ వయసుల ఇదేం పిచ్చి అని చుట్టాలు అంటున్నరని గార్డు సార్ ఒకసారి చిన్నబోయిండు. ఆ రాత్రి లెక్కల సార్ చెప్పిన ముచ్చట నాకు ఇంకా యాదున్నది. ఆరో నిజాంకు ఫోటోలు తీసిన రాజా దీన్‌దయాళ్ 1844ల పుట్టిండు. ఇండోర్‌ల పబ్లిక్ వర్క్స్ నౌకరీ చేసుకుంట 1874ల, అంటె 30 ఏండ్లకు, సరదాకు కెమెరా పట్టిండు. జూలియా మార్గరెట్ కామెరాన్ అని, మన కలకత్తల పుట్టిన ఇంగ్లీషామె, 48 ఏండ్లకు బిడ్డ అల్లుడు కానుక ఇస్తె మొదలుపెట్టింది. గార్డు సార్ అంతా విని, "ఆమెకు కూడ పిల్లలే తెచ్చిచ్చిన్రా?" అని ఒక్క మాట అడిగిండు. పొద్దున్నే దుబాయికి ఉత్తరం రాసిండు.

1990 చలికాలం నుంచి ఆయన ఫోటోలు చెడుడు మొదలైంది. వెలుతురు లెక్క సరిగ్గుంటది, కూర్పు మంచిగుంటది, బొమ్మ మాత్రం మసక. ముందు లెన్సు మీద అనుమానపడ్డం. ఒక పొద్దున ఖిలాల తోరణం ముంగట స్టాండు మీద కెమెరా పెట్టి, చానసేపు చూసి, కన్ను తీసి నిలబడ్డడు. ఆ కెమెరాల చూస్తె నడుమ ఒక గుండ్రటి చుక్క ఉంటది. ఫోకస్ లేనప్పుడు ఆ చుక్కల నిలువు గీత విరిగి రెండు ముక్కలుగ కనవడ్తది, లెన్సు తిప్పుతుంటె ముక్కలు దగ్గరికొచ్చి ఒకటే గీత అయితది.

"నాకు రెండు ముక్కలు కాదు, నాలుగు కనవడ్తున్నయి" అన్నడు. "దీపం చూస్తె చుట్టూత పొగమంచు."

రెండు కండ్లల్ల శుక్లాలు. ముదరాలె, అప్పుడే తీస్తమని డాక్టరు ఆగుమన్నడట, ఆ రోజులల్ల అట్లనే అనేటోళ్లు. కెమెరా మూటగట్టి పెడ్తడేమో అని మేము భయపడ్డం. ఆయన నన్ను పిలిచిండు.

"రా బిడ్డ. కలుపు."

నేను వంగి చూసిన. తోరణం స్తంభం అంచు విరిగి ఉన్నది. మెల్లగ తిప్పిన. అంచు జరిగి జరిగి అతికింది. "కలిసింది సార్." నేను పక్కకు జరిగిన. ఆయన వెలుతురు మీటరు చూసి, షట్టరు మీద వేలు పెట్టి, కండ్లతోని కాదు చెవులతోని ఆగిండు. మేకల గంటలు దగ్గరికొస్తున్నయి. మేకలు తోరణం కిందికి వచ్చినంక, వాటెన్క పిల్లగాడు ఉరికొచ్చే చప్పుడు విని నొక్కిండు. ఆ ప్రింటు నా గోడ మీద ఉన్నది. పిల్లగాని కాళ్లు రెండు నేలకు తాకలే. వెనక పెన్సిలుతోని ఆయన రాసిచ్చిండు: "మేమిద్దరం, ఖిలా."

ఏడాదిన్నర అట్ల గడిచింది. వేయిస్తంభాల గుళ్లె తువ్వాల పరుచుకొని ఎల్లెలకల పడుకొని పైకప్పు తామరను తీసేటోడు. నేను పక్కన పడుకొని కలిపేటోన్ని, లెక్కల సార్ చెయ్యి పట్టి లేపేటోడు. రామప్ప గుళ్లె మదనికల, అంటె పైనున్న ఆడబొమ్మల కోసం మెడ ఎత్తలేకపోతె నేను చూసి వర్ణించి చెప్పేది, ఏ దిక్కు చూస్తున్నది, ఎండ ఎక్కడున్నది అని. "అయితె పదకొండింటికి తియ్యాలె" అని ఆయన చెప్పేది.

కండ్ల అవసరమే లేని పని ఒక్కటుండె. తీసిన రోలును కడిగే ముందు ప్లాస్టిక్ రీలుకు ఎక్కియ్యాలె. దానికి ఆయన భార్య, మేము అమ్మ అనే పిలిచేటోళ్లం, రెండు పొరల నల్లగుడ్డతోని ఒక సంచి కుట్టింది. చేతులు దూరే తావుల బిగువు ఎలాస్టిక్, మూతికి ఒకదాని మీద ఒకటి రెండు జిప్పులు. రోలు, రీలు, వెలుతురు చొరకుంట ఫిలిం కడిగే ట్యాంకు, కత్తెర లోపల పెట్టి జిప్పులు మూసి, రెండు చేతులు మోచేతుల దాక దూర్చాలె. ఇగ అన్నీ తడుముకునుడే. ఫిలిం కొసను సాపు చేసి, రీలు నోట్ల పెట్టి, రెండు పక్కలు ముందుకెనక్కి ఆడిస్తె ఒక్కొక్క పన్ను జరుగుతది. నాకు నాలుగుసార్లల్ల మూడుసార్లు ఇరికేది. వానకాలం అయితె చేతుల చెమటకు అంటుకునేది. గార్డు సార్‌కు ఎన్నడు ఇరకలే. శుక్లాలు ముదిరిన కాలంల కూడ మా నలుగురి రోళ్లు ఆయనే ఎక్కిచ్చేటోడు. కండ్లు మూసుకునేటోడు. సంచిల ఎట్లాగు కనవడదు గద, ఎందుకు సార్ మూసుకుంటరు అంటె, "తెరిస్తె అవి అడ్డమొస్తయి" అన్నడు.

1992ల ఆపరేషన్ అయింది. పట్టీ తీసినంక మొదటి ఐతారం ఆయన నన్ను అడగకుంట తనే కలుపుకున్నడు. "కలిసింది" అని తనే అన్నడు. నేను సంతోషపడాలె, పడ్డ కూడ. కాని స్కూటరు మీద వచ్చేతప్పుడు లోపల కలుక్కుమన్నది, ఇగ నన్ను పిలువడని. ఈ మాట ఆయనకు ఎన్నడు చెప్పలే. ఇప్పుడు చెప్తున్న.

ఆపరేషన్ తర్వాత ఆయనకు నీలం రంగు కొత్తగ కనవడ్డది. శుక్లం పసుపుబారి నీలాన్ని మింగుతదట, అది పోయేసరికి ఆకాశం, అమ్మ చీర, గోలీసోడ బుడ్డి, అన్నీ చూసి చూసి మురిసిండు. అన్నేండ్లు బ్లాక్ అండ్ వైట్ తప్ప ముట్టని మనిషి ఆ దసరాకు కలర్ రోలు కావాలన్నడు. 36 ఫోటోలల్ల 20కి పైన కట్లపూలే. తంగేడు, గునుగు, బంతి మధ్యల నీలం కట్లపూలు. ల్యాబు నుంచి ప్రింట్లు వచ్చినంక ఒక్కొక్కటి కిటికీ కాడ పెట్టుకొని చూసి, "గింత నీలం ఉంటదని మరిచిపోయిన బిడ్డ" అన్నడు.

ఆయన 1996ల పోయిండు. బ్యాంకన్నకు బదిలీ అయింది, పెండ్లయింది. లెక్కల సార్ బిడ్డల దగ్గరికి హైదరాబాద్ పోయిండు. దినకర్మల నాడు దుబాయి కొడుకు యాషికా నా చేతుల పెట్టి, "నాయిన నీకే ఇయ్యమన్నడు" అన్నడు. అమ్మ నల్లసంచి మడతపెట్టి ఇచ్చింది. తర్వాత నాకు నౌకరీ, పిల్లలు, డిజిటల్ కెమెరా. 2012ల కోడాక్ కంపెనీ దివాలా అర్జీ పెట్టుకున్నదని పేపర్ల చదివిన రోజు సంచి తీసి చూసిన, మళ్ల పెట్టిన. 2022ల మా వరంగల్ బిడ్డ, ఫోటోగ్రాఫర్ భరత్ భూషణ్ పోయిండని తెలిసిన రోజు మళ్ల తీసిన. ఆయన తీసిన బతుకమ్మలు, ఊరి గోడలు, దర్వాజలు చూసుకుంటనే బ్యాంకన్న, నేను పెరిగినం.

ఇప్పుడు నాకు 51 దాటింది. మా గల్లీల ఒక అమ్మాయి, డిగ్రీ చదువుతది, నన్ను అంకుల్ అంటది. పొద్దున ఒక్కసారికి 600 ఫోటోలు తీస్తది. గంతెందుకు అని మొదట్ల నా నోటిదాక వచ్చింది, ఆపుకున్న. మంచిగనే చేసిన. ఆమె తీసినంక ప్రతి ఒక్కటి చూసి, తప్పేందో అక్కడ్నే దిద్దుకుంటది. నాకు రెండేండ్లు పట్టిన పాఠం ఆమెకు రెండు నెలలల్ల వచ్చింది. మాకు ఫిలిం లేక ఓపిక వచ్చింది, అంతే. అది మా గొప్పతనం కాదు. నేను వ్యూఫైండర్ల చూసి తియ్యగల్త, అందులో బొమ్మ మీటరు దూరంల ఉన్నట్టు కనవడ్తది గనుక. వెనక స్క్రీను మీది చిన్న అంకెలు మాత్రం అద్దాలు పెట్టుకుంటెనే. అద్దాలు మరిచిన రోజు ఆమెనే చదివి చెప్తది.

2024 మార్చిల వేయిస్తంభాల గుడి కల్యాణమండపం మళ్ల తెరిచిన్రు. ఆమె పుట్టిన కాలంల రాళ్లు విప్పిన మండపం, ఆమెకు 19 ఏండ్లు వచ్చినంక నిలబడ్డది. ఆమె మొదటిసారి చూసుడు. నేను ఇంటికి తీస్కపోయి గార్డు సార్ 1990ల తీసిన నెగెటివ్ కిటికీ వెలుతురుకు పట్టి చూపెట్టిన. పాత మండపం, పాత స్తంభాలు, వాటి మధ్యల దాగుడుమూతలాడే పిల్లలు. చానసేపు చూసి, "వీళ్లు ఇప్పుడు మీ అంత ఉంటరు గద అంకుల్" అన్నది. నేనెన్నడు ఆ లెక్క చేసుకోలే.

వారం తర్వాత యాషికా అడిగింది. దాని మీది నల్లతోలు ఊడిపోయింది, ఆ మోడలుకు అందరికీ అట్లనే ఊడుతది. చౌరస్తాల చెప్పులు కుట్టే ఆయన దగ్గర పల్చటి తోలు అతికిచ్చి ఇచ్చిన. వెనక మూతకుండే స్పాంజి జిగటలెక్క కరిగితె అది గీకి ఊలుదారం పెట్టిన. షట్టరు మాత్రం ఇప్పటికీ బ్యాటరీ లేకుంటనే పడ్తది. ఆమె ఖిలాల ఒక రోలు తీసింది. 36 ఫోటోలకు మూడు ఐతారాలు పట్టింది.

మొన్న సాయంత్రం మా వంటింట్ల ఇద్దరం కూసున్నం. అమ్మ కుట్టిన సంచికి ఒక ఎలాస్టిక్ వదులైతె మా ఆవిడ కొత్తది వేసింది. అమ్మాయి చేతులు దూర్చింది. కాసేపటికి మొకమంతా చెమట.

"ఇరికింది అంకుల్. చేతులు తియ్యనా?"

"తియ్యకు! రీలును ట్యాంకుల పెట్టి మూత బిగియ్యి. ఇప్పుడు తియ్యి. చేతులు ఆరనియ్యి."

ఫ్యాను కింద చేతులు ఆరబెట్టుకొని మళ్ల దూర్చింది. కొంచెంసేపటికి నేను చెప్పకముందే కండ్లు మూసుకున్నది. టిక్కు, టిక్కు అని రీలు పండ్లు జరిగే చప్పుడు సంచిల నుంచి వినవడ్డది. నేను మనసుల లెక్కవెట్టుకుంట కూసున్న.

"చివరిదాక వచ్చింది. కత్తెర?"

"లోపల పెట్టినవా?"

కండ్లు తెరువకుంటనే తడిమింది. ట్యాంకు మూత అవతలికి జరిపింది, డబ్బ జరిపింది.

"ఉన్నది అంకుల్, దొరికింది."